పద్నాలుగేళ్లు కదలని ఫియట్: ముందు బ్రేకులు, తర్వాతే ఇంజన్

ప్రశ్న: మా నాన్నగారు 1968లో కొన్న ఫియట్ 1100 డిలైట్ అమలాపురం దగ్గర మా ఊళ్లో రేకుల షెడ్డులో ఉంది. ఆయన పోయి 14 ఏళ్లయింది, అప్పట్నుంచి కారు కదల్లేదు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. కొత్త బ్యాటరీ పెట్టి, ఐదు లీటర్ల పెట్రోలు పోసి సెల్ఫ్ కొడితే లేచి కూర్చుంటుందని మా బావగారు అంటున్నారు. ఊళ్లో మెకానిక్ ఆ ఇంజన్ పీకేసి మారుతీ వ్యాను ఇంజన్ పెట్టమంటున్నాడు. మెటాలిక్ రంగు వేయిద్దామని మా అబ్బాయి గోల. ఆర్.సి. నాన్నగారి పేరునే ఉంది, గడువు ఎప్పుడో దాటిపోయింది. ఏ పని ముందు, ఏది వెనక? ఈ సంక్రాంతికి ఆ కారులోనే ఊరు వెళ్లాలని కోరిక.

సమాధానం: బ్యాటరీ ఇంకా కొనకపోతే ఇప్పుడే కొనకండి. కొనేసి ఉంటే ఇంట్లో చార్జింగ్‌లో పెట్టుకోండి, కారుకు మాత్రం తగిలించకండి. బావగారి మాట వినాలని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఇన్నేళ్లు నిలబడ్డ ఇంజన్‌ను సెల్ఫ్ కొట్టి లేపితే చాలా కేసుల్లో బాగున్న ఇంజనే పాడవుతుంది. సిలిండర్ గోడ మీద నూనె పొర ఎప్పుడో జారిపోయి ఉంటుంది. పిస్టన్ ఆగినచోట రింగుల వెంట సన్నటి తుప్పు గీత పడుతుంది. సెల్ఫ్ బలంగా తిప్పగానే రింగు ఆ గీతకు తగిలి విరుగుతుంది. ఇంకో ప్రమాదం ట్యాంకులో ఉంది. పాత పెట్రోలు జిగురుగా మారి ఉంటుంది. ఆ జిగురు మీద కొత్త పెట్రోలు పోస్తే అది కరిగి కార్బురేటర్ దాటి ఇన్‌లెట్ వాల్వుల కాడలకు పడుతుంది. మొదటి రోజు ఇంజన్ బ్రహ్మాండంగా నడుస్తుంది. రాత్రి చల్లారాక వాల్వులు గైడుల్లో అంటుకుపోతాయి. మర్నాడు సెల్ఫ్ కొట్టగానే వాల్వులను తెరిచే పుష్‌రాడ్లు వంగుతాయి.

కారును షెడ్డులోంచి బయటికి లాగకముందే రెండు పనులు చేయండి. మొదటిది, సీట్ల కిందా బానెట్ లోపలా కర్రతో కదిపి చూడండి. కోనసీమ షెడ్డులో ఎలుకలు గూడు కట్టని పాత కారు ఉండదు, ఎలుకలున్న చోటికి పాము రాకుండా ఉండదు. రెండోది, ఫోటోలు. ప్రతి వైరు, ప్రతి పైపు, ప్రతి క్లిప్పు ఎక్కడుందో విప్పకముందే తీసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత మీ మెకానిక్‌కు అవి అక్కరకొస్తాయి. కారును తాడు కట్టి ఈడ్చకండి. చక్రాలు పట్టేసి ఉంటాయి కాబట్టి నాలుగు చక్రాలూ నేల తాకకుండా వెనక బల్ల ఉండే టోయింగ్ బండి మీదే తీసుకెళ్లండి.

ఇక కాగితాలు. మీరు చివర్లో రాసినా మొదట చూడాల్సింది ఇదే, ఎందుకంటే ఇది తేలకపోతే మిగతా ఖర్చంతా షెడ్డులోనే నిలబడిపోతుంది. ఆర్.సి.లో ఉన్న ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు కారు మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో పెన్సిల్ ప్రింటు తీసి చూసుకోండి. ఎప్పుడో ఇంజన్ మార్చి ఆర్.సి.లో ఎక్కించని కార్లు చాలా ఉన్నాయి. తర్వాత యాజమాన్యం మీ పేరుకు మారాలి. యజమాని చనిపోయిన కేసుల్లో ఫారం 31 పెడతారు. దానికి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తోబుట్టువులుంటే వాళ్ల అంగీకారం కావాలి. 1989కి ముందు ఇచ్చిన ఆ మూడక్షరాల పాత నంబరును ఏ ఏజెంటు చెప్పినా వదులుకోకండి.

రిజిస్ట్రేషన్‌కు మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, మామూలు రిజిస్ట్రేషన్‌నే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవడం. 20 ఏళ్లు దాటిన కారుకు ఈ రుసుమును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. గడువు దాటినందుకు ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఎంతవుతుందో ఆర్టీవో ఆఫీసులో ముందే లెక్క వేయించుకోండి. రెండోది వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికి ఇది వర్తిస్తుంది. కొత్తగా చేయిస్తే 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. అయితే దీనికి ఒక మెలిక ఉంది. వింటేజ్ బండిని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించడం, మరమ్మతు లాంటి పనులకే రోడ్డెక్కాలి. సంక్రాంతికి ఊరెళ్లడం అందులోకి రాదు. మీ కోరిక అదే కాబట్టి మామూలు రెన్యువలే మీకు తగింది. పదిహేనేళ్లు దాటితే తుక్కే అని భయపెట్టేవాళ్ల మాట పట్టించుకోకండి. పెట్రోలు కార్లకు వయసు లెక్కన పెట్టిన ఆ కట్టడి ఢిల్లీ ప్రాంతానిది, తెలుగు రాష్ట్రాలది కాదు.

మారుతీ వ్యాను ఇంజన్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. అనుమతి లేకుండా ఇంజన్ మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు, పైగా వింటేజ్ అర్హత పోతుంది. అంతకు మించిన కారణం ఇంకోటుంది. ఆ 1089 సీసీ ఇంజన్ బాగుచేయడానికి కష్టమైనది కాదు. డిలైట్ 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974లో పద్మిని అయింది. ముంబై టాక్సీల పుణ్యమా అని ఇంజన్, గేర్‌బాక్స్ సామాన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ముంబై కుర్లా, చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్, మన దగ్గర సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ వాకబు చేయదగిన చోట్లు. దొరకనివల్లా పైకి కనిపించేవి: 1968 మోడలు గ్రిల్, టెయిల్ ల్యాంపులు, క్రోమ్ పట్టీలు, తలుపు పిడులు, డాష్‌బోర్డు మీటర్లు. పద్మిని గ్రిల్ దీనికి నప్పదు. వంగినా, చిలుము పట్టినా వాటిలో ఒక్కటి కూడా పారేయనివ్వకండి. కారు షాపుకు చేరకముందే వాటిని విప్పి మీ ఇంట్లో పెట్టుకోవడం మరీ మంచిది.

ఇప్పుడు బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, పెడలు తొక్కగానే ఆయిలును చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఒకే సర్క్యూట్. ఒక్క చక్రం దగ్గర లీకైతే పెడలు నేలకు దిగిపోతుంది, మిగతా మూడు చక్రాలూ పనిచేయవు. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కోనసీమ గాలిలో 14 ఏళ్లంటే వీల్ సిలిండర్లలో పిస్టన్లు తుప్పుకు పట్టేసి ఉంటాయనే అనుకోండి. సిలిండర్ విప్పి లోపల గోరు ఆనించి చూడండి. గోరుకు తగిలే గుంటలుంటే కొత్త వాషర్లు వేసినా నెలలో కారుతుంది. సిలిండరే మార్చాలి, లేదంటే లోపల స్టెయిన్‌లెస్ స్లీవ్ వేయించాలి. రబ్బరు గొట్టాలు మూడూ కళ్లు మూసుకుని మార్చేయండి. పైకి బాగున్నా లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. తొక్కినప్పుడు ఒత్తిడి వెళుతుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. డ్రైవరేమో కారు లాగడం లేదని ఇంజన్‌ను తిడుతూ ఉంటాడు. అసలు దోషం చక్రం దగ్గర పట్టేసిన బ్రేకుది.

ఇనుప పైపులు చిలుము పట్టి ఉంటే అవీ మార్చాలి. పైపు చివర డబుల్ ఫ్లేర్ (మూతిని రెండు మడతలుగా వెడల్పు చేయడం) వేయగలవాడి చేతే చేయించండి, సింగిల్ ఫ్లేర్ గట్టిగా తొక్కినప్పుడు చీలుతుంది. బ్రేకు రబ్బర్లను పెట్రోలుతోగానీ డీజిలుతోగానీ కడగనివ్వకండి. షాపుల్లో రోజూ జరిగే తప్పు ఇది. కడిగిన వారానికి రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేక్ ఆయిలుతోనే కడగాలి. డ్రమ్ములో దుమ్మును గాలి కొట్టి ఊదనివ్వకండి. ఆనాటి లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడవాలి. డాట్ 3 ఆయిలు పోసి, మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి పైపుల్లోని గాలి తీయాలి. తర్వాత ప్రతి రెండేళ్లకూ ఆయిలు మార్చాలి. పెడలు గట్టిపడి, దాని మీద కాలుంచి ఒక నిమిషం నొక్కి పట్టినా దిగకుండా ఉంటేనే ఇంజన్ జోలికి వెళ్లండి.

అదే ఊపులో ముందువైపు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లొటలొటలాడితే ఒకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఆట పోతే దోషం బేరింగుది, ఇంకా ఉంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసుది, అంటే కింగ్‌పిన్‌ది. గ్రీజు ఎక్కించే చిన్న మూతుల్లో, అంటే నిప్పుల్స్‌లో, గ్రీజు ఎండి రాయిలా ఉంటుంది. గన్ను పెట్టగానే ఎక్కకపోతే నిప్పుల్ విప్పి, ఆ రంధ్రంలో రెండు రోజులు పల్చటి నూనె వేసి నాననివ్వాలి. పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్తది ఎక్కించాలి.

ఇంజన్‌కు వద్దాం. నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో 20 మిల్లీలీటర్లు పోయండి. సగం డీజిలు, సగం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలు. మూడు రోజులు వదిలేయండి. ఈలోగా పైన వాల్వు మూత తీసి వాల్వులను నొక్కే ఎనిమిది రాకర్లనూ నూనెతో తడపండి. తర్వాత హ్యాండిల్‌తోగానీ, క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ వేసిగానీ చేత్తో తిప్పండి. ముందుకు ఇంచీ, వెనక్కి ఇంచీ. కదలకపోతే ఇంకో మూడు రోజులు నాననివ్వండి. స్పానర్‌కు పైపు తొడిగి బలం పెట్టారా, ఏదో ఒకటి విరుగుతుంది. పూర్తిగా రెండు చుట్లు తిరిగాక ప్రతి వాల్వూ దిగి తిరిగి లేస్తోందో లేదో కంటితో చూడండి. దిగినది లేవకపోతే అది పట్టేసినట్టు.

తిరిగింది కదా అని సంతోషపడి, ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే సంప్ విప్పడం మానేయొద్దు. అడుగున నల్లటి మడ్డి పేరుకుని ఆయిలు పంపు జల్లెడను మూసేస్తుంది. ఆ మడ్డి అలాగే ఉంచి కొత్త ఆయిలు పోస్తే బేరింగులకు ఆయిలు చేరదు. సంప్ కడిగి, కొత్త ప్యాకింగ్ వేసి, 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలు పోయండి. సింథటిక్ వద్దు, ఆనాటి సీళ్ల దగ్గర కారుతుంది. గేర్‌బాక్స్‌కు జిఎల్-4 గ్రేడు 90 ఆయిలే అడిగి తీసుకోండి. జిఎల్-5లోని రసాయనాలు, గేర్లు గరగరలాడకుండా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి, కౌంటర్ కుర్రాడు రెండూ ఒకటేనంటాడు.

ఈ ఇంజన్‌లో బలహీనమైన చోటు ఒకటుంది. సిలిండర్లుండే బ్లాకు పోత ఇనుము, దాని మీద మూతలా కూర్చునే హెడ్ అల్యూమినియం. రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే హెడ్‌నే తింటుంది. మీ ప్రాంతంలో బోరునీళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు, రేడియేటర్‌లో ఏళ్ల తరబడి పోసింది కూడా అవే అయ్యుంటాయి. హెడ్ విప్పించి, నీటి రంధ్రాల అంచులు కొరుక్కుపోయాయేమో చూడండి. సూటిగా ఉన్న ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చండి. 0.1 మిల్లీమీటర్ దూరితే హెడ్ వంగినట్టే, ఫేసింగ్ చేయించాలి. హెడ్ విప్పి ఉన్నప్పుడే ఎగ్జాస్ట్ వాల్వుల సీట్లు గట్టి రకానివి వేయించేయండి. సీసం కలిపిన పెట్రోలు దేశంలో 2000లోనే ఆగిపోయింది, పాత మెత్తటి సీట్లు సీసం లేకుండా త్వరగా అరుగుతాయి. రేడియేటర్ ఇత్తడిది కాబట్టి విప్పి రాడ్డు వేయించి శుభ్రం చేయించవచ్చు. ఇక మీదట డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటే పోయండి. వేడెక్కుతోందని ఎవరో మెకానిక్ థర్మోస్టాట్ తీసి పారేసి ఉంటాడు, కొత్తది పెట్టించండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ తిప్పండి, పదేసి సెకన్ల చొప్పున, ఆయిలు లైటు ఆరేదాకా. తర్వాతే ప్లగ్గులు, 0.6 మిల్లీమీటర్ గ్యాపుతో. డిస్ట్రిబ్యూటర్ లోపల స్పార్కుకు స్విచ్చులా పనిచేసే పాయింట్లను సన్నటి ఎమెరీతో రుద్ది, గ్యాపు 0.4 మిల్లీమీటర్ దగ్గర పెట్టండి. వాటి మీద పట్టిన పొర వల్లే చాలా కార్లకు స్పార్కు రాదు, మనవాళ్లేమో కాయిల్ మారుస్తారు. ఫైరింగ్ వరుస, అంటే ఏ సిలిండర్ తర్వాత ఏది మండాలన్నది, 1-3-4-2. పెట్రోలు ట్యాంకు నుంచి కాక, చిన్న డబ్బా నుంచి గొట్టంతో ఇవ్వండి. పక్కన కిలో పౌడరు అగ్నిమాపక సిలిండర్ ఉండాలి, దీనికి మినహాయింపు లేదు. నడిచాక కంప్రెషన్ కొలిపించండి. అంకె ఎంతన్నది తర్వాత, నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నదే చూడాలి. ఒకటి బాగా తక్కువుంటే అందులో చెంచాడు ఇంజన్ ఆయిలు వేసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఈ పరీక్ష చేయకుండానే బోరు చేయించాలన్నవాడికి కారు ఇవ్వకండి.

ట్యాంకు దింపి, మిగిలిన పెట్రోలు తీసేసి, నీళ్లలో పదోవంతు నిమ్మ ఉప్పు కలిపి ఒక రోజు నింపి ఉంచండి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. ఆలస్యమైతే గంటలో మళ్లీ తుప్పు పడుతుంది. ట్యాంకుకు చిల్లుంటే వెల్డింగ్ మంట దగ్గరికి తీసుకెళ్లనివ్వకండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి పేలుతుంది. టంకం వేయడం తెలిసిన రేడియేటర్ మేస్త్రీకే ఆ పని ఇవ్వాలి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1968 రబ్బరు దాన్ని తట్టుకోదు. పెట్రోలు గొట్టాలన్నీ, పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ కిట్ ఇథనాల్‌కు ఆగే రకానివి వేయించండి. ఇథనాల్ వల్ల మిశ్రమం పల్చబడుతుంది. ఎక్కేటప్పుడు దగ్గుతూ, ప్లగ్గు కొన తెల్లగా కనిపిస్తే కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. అది నీటిని కూడా పీలుస్తుంది కాబట్టి నెలకు మించి నిలబెట్టే ముందు కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయండి. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగిపోయి, చల్లారాక మళ్లీ లేస్తే అది పెట్రోలు పైపులోనే ఆవిరైపోవడం. పంపు మీద తడిగుడ్డ వేస్తే తాత్కాలికం. పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా మళ్లించి వేడి తగలని తొడుగు వేయడమే అసలు మందు. దీనికి ఈమధ్య కార్ల ఎలక్ట్రిక్ పంపు పెట్టించే సలహా వస్తుంది. ఆ ఒత్తిడికి కార్బురేటర్ సూది ఆగదు, పెట్రోలు పొంగి వేడి ఇంజన్ మీద పడుతుంది.

బాడీ దగ్గరే మీ డబ్బు ఎక్కువ ఖర్చవుతుంది. ఈ కారుకు విడిగా చాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. తలుపుల కింద పొడవునా ఉండే సిల్, నేల రేకు, జాకీ పెట్టే చోట్లు, వెనక కమాను పట్టీలు బిగించే చోట్లు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. టంగుమంటే సరే, బొదబొదమంటే లోపల గుల్ల. పైకి నున్నగా ఉన్నచోట పల్చటి గుడ్డ కప్పిన అయస్కాంతం ఆనించండి. అంటుకోకపోతే కింద రేకు లేదు, లప్పమే ఉంది. కుళ్లిన సిల్ కత్తిరించేముందు తలుపులు బిగించి ఉంచి, బాడీకి కింద నాలుగు చోట్ల ఆనిక పెట్టాలి. లేకపోతే బాడీ కుంగి తలుపులు మళ్లీ ఎప్పటికీ సరిగ్గా పడవు. గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు అలలు తేలుతుంది, సీఓటూ వెల్డింగే అడగండి. చదునైన బానెట్, పైకప్పు మీద ఇసుక బ్లాస్టింగ్ కూడా అందుకే వద్దు. తుప్పు తీసిన రోజే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు పడాలి. మామూలు ప్రైమర్ వేసి నెలలు వదిలేస్తే అది తేమ పీల్చి, పైన వేసిన రంగు ఏడాదికే పొక్కులు లేస్తుంది. తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలను లప్పంతో మూయనివ్వకండి.

మీ అబ్బాయికి చెప్పండి, మెటాలిక్ వద్దు. అందానికని కాదు. మెటాలిక్‌లో చిన్న గీత పడినా ప్యానెల్ మొత్తం మళ్లీ వేయాలి, అతుకు కనిపించకుండా కలపడం కష్టం. ముదురైన ఏకరంగైతే అక్కడికక్కడ సరిచేయొచ్చు. అసలు రంగు ఏదో డాష్‌బోర్డు వెనకా, తలుపు అట్టల లోపలా ఎండ తగలకుండా మిగిలే ఉంటుంది, అక్కడ నుంచి షేడ్ కలిపించుకోండి. రంగు అన్నిటికన్నా చివర. కారు వెయ్యి కిలోమీటర్లు తిరిగాక వేయిస్తే, మధ్యలో విప్పాల్సినవి విప్పినప్పుడు గీతలు పడవు. టింకరింగ్ షాపుకు డబ్బు పని దశలవారీగానే ఇవ్వండి. మొత్తం ముందే ఇచ్చిన కారు మూలకు చేరుతుంది.

వైరింగ్‌లో ఎలుకలు కొరికినచోట టేపు చుట్టడం కాదు, పూర్తి హార్నెస్ మార్చండి. పాత డైనమో అయితే ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు చార్జ్ చేయదని గుర్తుంచుకోండి. సిగ్నళ్ల దగ్గర హెడ్‌లైట్లు మందగిస్తే అది దోషం కాదు. ఏసీ ఆలోచనే పెట్టుకోకండి, ఆ డైనమోకు అంత శక్తి లేదు.

టైర్ల మీద నాలుగంకెల తేదీ చూసి కొనండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. షెడ్డులో ఉన్న టైర్లకు గాడులు నిండుగా ఉన్నా వాడకూడదు, స్టెప్నీతో సహా.

ఇక సంక్రాంతి. హైదరాబాద్ నుంచి మీ ఊరు దాదాపు 450 కిలోమీటర్లు. బ్రేకులు, ఇంజన్, సిల్ పని సక్రమంగా చేయిస్తే ఏడాది పడుతుంది కాబట్టి వచ్చే ఏటి పండక్కి లెక్క వేసుకోండి. మొదటి 500 కిలోమీటర్లు ఇంటికి 20 కిలోమీటర్ల లోపే తిప్పండి, ఆ తర్వాత ఆయిలు మార్చి, వాల్వుల సందు, వీల్ నట్లు, బ్రేకుల సర్దుబాటు మళ్లీ చూపించండి. స్టీరింగ్ పక్కన గేరు కర్ర రెండు గేర్ల మధ్య ఇరుక్కుంటే భయపడకండి, లింకేజి బుష్‌లు అరిగాయంతే. మొదటి గేరుకు సింక్రో లేదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి. హైవే మీద 60 దాటకండి. ముందు బండికి మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదలండి, ఈ డ్రమ్ములకు బూస్టర్ లేదు, రెండు మూడుసార్లు గట్టిగా తొక్కితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. డిక్కీలో ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు, పాయింట్ల సెట్టు, రోటర్, పెట్రోలు పంపు కిట్, ఐదు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. పాయింట్లకు తోడుండే కండెన్సర్ మాత్రం రెండు తీసుకోండి. ఇప్పుడు అమ్మే కొత్తవాటిలో కొన్ని వంద కిలోమీటర్లకే చచ్చిపోతున్నాయి. పాతది పనిచేస్తుంటే విప్పకండి.